ఎడమ వెనక చక్రం

నమోదు 1. తెల్లగుట్ట మజిలీ
వెలిగిన దీపాలు: ఒకటి. లేపాక్షి బండి, ఎడమ వెనక చక్రం.

చక్రాలు చూసే మనిషి ఏ మజిలీలో ఏం చేసిందో రాసి పెట్టాలని మా ఊరిపెద్ద కుళ్ళాయప్ప కొత్తగా హుకుం జారీ చేశాడు. ఇన్నేళ్లూ ఈ ఊరి బ్రేకులన్నీ నా తలలోనే ఉన్నాయి. ఆ తల ఆయనకి చాలలేదు కాబోలు. సరే, రాస్తున్నాను. పేరు ఓబుళమ్మ. పని బ్రేకులు. దుమ్ము కనబడితే తుడవందే నా చెయ్యి ఊరుకోదు. అది రోగమని నా కూతురు అంటుంది, శుభ్రమని నేనంటాను.

మధ్యాహ్నం ఊరు ఆగీ ఆగకముందే ఆ కూతురే, లేపాక్షి, ఏడో నెల కడుపు పట్టుకుని నా బండి దగ్గరికి వచ్చింది.

"అమ్మా, పొద్దున్నుంచి మా దీపం ఆర్లేదే" అంది.

ఈ మాట వింటే మా ఊళ్లో ఎవరికైనా గుండె జారుతుంది. మా ఇళ్లన్నీ బండ్లే. ప్రతి బండికీ వెనక ఒక పసుప్పచ్చ దీపం ఉంటుంది. బయల్దేరేటప్పుడు ఒకసారి వెలిగి, చక్రాలు నాలుగు చుట్లు తిరగగానే ఆరిపోవాలి. ఆరలేదంటే ఏదో ఒక చక్రం చెప్పే మాట బ్రేకుల పెట్టెకి వినిపించడం లేదన్నమాట. అందుకే పెళ్లిళ్లలో మా పెద్దలు అక్షింతలు వేస్తూ, "మీ దీపం యెన్నటికీ వెలక్కుండా ఉండనీ" అని దీవిస్తారు. లేపాక్షి పెళ్లిలో ఈ దీవెన విని మా వియ్యపురాలు అక్కడికక్కడే కళ్లనీళ్లు పెట్టుకుంది. వాళ్లది నిలుపూరు, గోదారి సముద్రంలో కలిసే చోటు. ఇళ్లు పునాదుల మీద ఉంటాయి, పుట్టిన చోటే మనిషి ముసలివాడవుతాడు. అక్కడ దీపం ఆరిపోతే వంశం ఆరిపోయినట్టేనట. మా అల్లుడు అబ్బులు మాత్రం, మొహం పాలిపోయినా, "ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఏం చెప్పినా ఆయ్, అలాగేనండి. మా వైపు పిల్ల అత్తారింటికి పోదు, పిల్లాడే బండెక్కుతాడు. అలా ఎక్కాడు పాపం.

సంచీ తీసుకుని వెళ్లాను. గడప మెట్టు మీద అల్లుడు వేసిన ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వంగి, జాకీ పెట్టి, ఎడమ వెనక చక్రం లేపాను. చక్రం లోపల దాంతోపాటే తిరిగే పళ్ల రింగు ఉంటుంది. దానికి ఎదురుగా బొటనవేలంత సెన్సార్, కొసన అయస్కాంతం. పన్ను ఎదురొచ్చి పోయినప్పుడల్లా చిటికెడు కరెంటు పుడుతుంది. ఆ చిటికెల్ని బట్టి ఏ చక్రం ఎంత జోరుగా తిరుగుతోందో పెట్టె లెక్కగడుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోతుంటే, కాస్త వదిలి మళ్లీ పట్టుకుంటుంది. సెన్సార్ పలక్కపోతే పెట్టెకి చెవుడు వచ్చినట్టే.

మీటరు పెట్టి చూస్తే సెన్సార్ లోపలి తీగ బాగానే ఉంది. చక్రాన్ని చేత్తో తిప్పితే మాత్రం రావాల్సినంత కరెంటు రావడం లేదు. సెన్సార్‌ని బయటికి లాగి, శుభ్రంగా తుడిచి, దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు తొడుగు వదులుగా ఉందనిపించి మార్చాను. మళ్లీ పెట్టి, పళ్లకి తగిలేదాకా అరచేత్తో తోశాను. చక్రం తిప్పితే మీటరు ముల్లు గంతులేసింది.

తొడుగే దొంగ. పట్టుకున్నాం. అల్లుడు పెట్టిన పప్పన్నం తిని వచ్చాను. పప్పులో బెల్లం వేశాడు. తప్పు మనిషిది కాదు, పెరిగిన చోటుది.

నమోదు 2. ఉప్పరపల్లె మజిలీ
వెలిగిన దీపాలు: లేవు.

ఇవాళ రాయడానికి పనేమీ లేదు కాబట్టి అల్లుడి ముగ్గు గురించి రాస్తాను. కుళ్ళాయప్ప చదువుకుంటే చదువుకోనీ.

రోజుకో చోట ఆగే ఊరికి వాకిలెక్కడిది? ముగ్గుపిండి ఎక్కడ పోస్తాం? మా అమ్మమ్మ కాలంలోనే మా వాళ్లు ముగ్గు మరిచిపోయారు. సీమంతానికి వియ్యపురాలు పంపిన సారెలో, స్వీట్ల కింద, ఒక మూట నల్లిసక ఉంది. వాళ్ల సముద్రం ఒడ్డుదట. అయస్కాంతం చూపిస్తే లేచి అతుక్కుంటుంది. అబ్బులు ఏం చేశాడంటే, తన బండి ఇనప మెట్టు కింద పాత మోటారు అయస్కాంతాలు బిగించి, పైన ఆ ఇసకతో ముగ్గు పెట్టాడు. గాలికి పోదు, బండి కుదుపుకి చెదరదు. పొద్దున్నే స్నానం చేసి, మెట్టు ముందు గొంతుక్కూర్చుని, చుక్క తర్వాత చుక్క పోస్తాడు. ఒక్కో చుక్కా అయస్కాంతం మీద ముళ్లు విప్పుకుని నిలబడుతుంది. మగపిల్లాడు ముగ్గేంటని మొదట నవ్విన నోళ్లే ఇప్పుడు నిలబడి చూస్తున్నాయి.

"ఇది ఎవరి కోసం పెడతాండావు నాయనా?" అని అడిగాను.

"లేపాక్షికండి. మరి... మీకు కూడానండి. పొద్దున్నే పనికెళ్లేప్పుడు ఇటే వెళ్తారు కదండి" అన్నాడు.

నా జీవితంలో నా కోసం ఎవరూ ముగ్గు పెట్టలేదు. ఊరంతా తిరిగి చెప్పుకున్నాను. బోండాల బండి మాబున్నిని చెయ్యి పట్టి లాక్కొచ్చి మరీ చూపించాను.

"వదినా, ఇట్లాంటిది నా మెట్టు మీద కూడా పెట్టించు. బోండాలు తినేటోళ్లు నిలబడి చూస్తారు" అంది మాబున్ని. పెడతాడని మాటిచ్చాను, అబ్బులుని అడక్కుండానే. అది విని మాకూ మాకూ అని ఇంకొందరు వెంటపడ్డారు.

నమోదు 3. నల్లచెలమ మజిలీ
వెలిగిన దీపాలు: ఒకటి. మళ్లీ లేపాక్షి బండి. మళ్లీ ఎడమ వెనక చక్రం.

తొడుగు దొంగ కాదు.

ఇవాళ తీగ పట్టుకున్నాను. సెన్సార్ నుంచి పెట్టెదాకా అంగుళం అంగుళం తడుముతూ పోయాను. ఇరుసు దగ్గర ఒకచోట తీగ పైతొడుగు రాసుకుని తెల్లబడింది. కనెక్టర్‌లో పచ్చటి చిలుము కూడా ఉంది. సెన్సార్ ఊడదీసి తుడిచి పెట్టి, చిలుము గీకి, తీగకి కొత్త తొడుగు చుట్టాను. బండిని నాలుగు గజాలు నడిపిస్తే దీపం ఆరింది.

లేపాక్షి మెట్టు మీద కూర్చుని కాళ్లూపుతూ, "ఈసారి ఖాయమేనా డాక్టరమ్మా?" అంది.

"ఖాయం."

"పోయినసారి గూడా ఖాయమే అన్న్యావు."

దీని నోరు అచ్చం నాదే. కానీ అది తలెత్తి కనుమ వైపు చూసినప్పుడు నవ్వు కాస్త తగ్గింది. మిట్ట మీద గాలివానలు మొదలయ్యేలోపు ఊరంతా కనుమ దిగిపోవాలి. లేకపోతే ఆ గాలి బండ్లని దొర్లించేస్తుంది. కనుమ దారి నిటారు, తడిస్తే జారుడు. అక్కడ ఒక్క చక్రం బిగుసుకున్నా బండి అడ్డం తిరిగి ముందున్నవాటిని లాక్కుపోతుంది. అందుకే దీపం వెలుగుతున్న బండికి కనుమ గేటు కడ్డీ ఎత్తదు. అది మిషను. దానికి కళ్లున్నాయి గానీ చెవుల్లేవు, బతిమాలితే వినదు. ఆ బండి, అందులోవాళ్లు, గాలులు తగ్గేదాకా పైన రాతి కొట్టాల్లో ఉండాలి. నాలుగు నెలలు. లేపాక్షికి రెండు నెలల్లో కాన్పు.

కొట్టాల్లో దేనికీ లోటుండదు, వైద్యం చేసే మిషన్లు కూడా ఉన్నాయి. కానీ నేను బతికుండగా నా బిడ్డకి మిషను పురుడు పొయ్యడమేమిటి? పోనీ నేనూ ఆగిపోదామంటే, ఆఖరి బండి మీద బ్రేకుల మనిషి లేకుండా ఊరు కనుమ దిగదు. అందరినీ దింపి వచ్చేసరికి గేటు మూసుకుంటుంది.

దిగుతాం. అందరం కలిసే దిగుతాం.

నమోదు 4. ఏనుగుబండ మజిలీ
వెలిగిన దీపాలు: మూడు. లేపాక్షి, మాబున్ని, కుళ్ళాయప్ప నడిపే ముందింజన్ వెనక బండి. మూడూ ఎడమ వెనక చక్రాలే.

ఇదేం అంటురోగమో నాకు అర్థం కావడం లేదు. లేపాక్షి బండి చక్రాన్ని కిందా మీదా పట్టుకుని ఊపి చూశాను. బేరింగు కాస్త ఆడుతోంది. బేరింగు ఆడితే చక్రం ఊగి సెన్సార్‌ని వెనక్కి నెడుతుంది, దూరం పెరిగితే మాట వినపడదు. ఇది పుస్తకంలో ఉన్న జబ్బే. బేరింగు బిగించి, సెన్సార్‌ని తుడిచి, తోసి, తిప్పితే బ్రహ్మాండంగా పలికింది. మాబున్ని బండి బేరింగు మాత్రం బిగువుగానే ఉంది. అయినా ఊడదీసి తుడిచి పెడితే అదీ పలికింది. ఏ మందు వేసినా తగ్గుతోంది, ఏ మందూ నిలవడం లేదు.

సాయంత్రం బోండాల బండి దగ్గర కుళ్ళాయప్ప గొంతు తగ్గించి అన్నాడు: "అక్కా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. మన ఊళ్లో ఇట్లా యెప్పుడన్నా జరిగిందా? నిలుపూరి కాలు పడినాకనే గదా ఇదంతా."

"నీ ఇంజన్ పోయినేడు వాగులో దిగబడినప్పుడు ఎవరి కాలు పడింది కుళ్ళాయప్పా? నీ కాలేనా?"

మాబున్ని నవ్వు ఆపుకోలేక బోండా చేతిలోంచి వదిలేసింది. కుళ్ళాయప్ప వెళ్లిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. కానీ మాట మనసులో పడితే చెవిలో దూరిన చీమలా తిరుగుతూనే ఉంటుంది.

నమోదు 5. కనుమకి ముందు మజిలీ
వెలిగిన దీపాలు: ఏడు. అన్నీ ఎడమ వెనకే.

ఇవాళ నోరు జారాను.

ఎండలో ఏడు చక్రాలు లేపి దించి, నడుం పడిపోయి, లేపాక్షి బండి కింద నుంచి బయటికి వస్తుంటే అబ్బులు మజ్జిగ పట్టుకుని నిలబడ్డాడు. అందులోనూ బెల్లం వేశాడేమో అనిపించింది. వెయ్యలేదు, పాపం, ఉప్పే వేశాడు. అయినా నోటికొచ్చింది అనేశాను.

"నువ్వు ఎక్కినప్పట్నుంచీ ఈ బండికి సుఖం లేదు."

"ఆయ్" అన్నాడు. అలాగేనండి అనలేదు. గ్లాసు మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్లాడు.

లేపాక్షి నన్ను చూసి కిటికీ మూసేసుకుంది. మాట్లాడి తిట్టినా బాగుండేది. వియ్యపురాలు తన ఒక్క కొడుకుని నా చేతిలో పెట్టి వెళ్లింది, నేను వాణ్ని చక్రాల కింద వేశాను. సిగ్గుగా ఉంది. పొద్దున్నే వెళ్లి చెప్పాలి.

నమోదు 6. కనుమ గేటు (కిందికి దిగాక రాసింది)
వెలిగిన దీపాలు: లెక్కపెట్టడం మానేశాను.

ఇది చీకటి పడకముందే రాస్తున్నాను, చేతులింకా నల్లగానే ఉన్నాయి. కడుక్కోవాలనిపించడం లేదు. ఈ మాట నేనే రాస్తున్నానని లేపాక్షి నమ్మదు.

కనుమ దిగే రోజు మాకు పండగ. కొత్త బట్టలు కట్టుకుంటాం. పొద్దున్నే నా మెట్టు మీద ఒక కొత్త చీర కనిపించింది, పొగాకు రంగుది, అంచు ఎర్రది. అబ్బులు పెట్టి వెళ్లాడని తెలిసింది. కట్టుకుని, క్షమించమని అడగడానికి బయల్దేరాను. రెండు బండ్లు దాటానో లేదో కాళ్లు ఆగిపోయాయి. ఊళ్లో ప్రతి మెట్టు మీదా నల్ల ముగ్గు! మెట్లన్నీ అద్దంలా తుడిచి, కింద అయస్కాంతాలు బిగించి, పైన పద్మాలు, రథాలు, పాములు. తన వల్ల ఊరికి చెడు జరిగితే తనే పోగొట్టాలనుకున్నాడట మా అల్లుడు. దిష్టి పోవాలని మూటలో మిగిలిన ఇసకంతా పంచేశాడు. మాబున్ని ఇంటింటికీ తిరిగి పెట్టించింది.

"యెట్లుంది వదినా?" అంది మురిసిపోతూ. "మెట్లు తుడవడానికి నీ గుడ్డల మూట ఎత్తుకుపోయినాలే, ఏమనుకోవద్దు."

చాలా బాగుంది. ఊరు ఇంత అందంగా నేనెప్పుడూ చూడలేదు. అందరం బయల్దేరి గేటుదాకా వచ్చాం. అక్కడ ఆగి వెనక్కి చూస్తే పసుప్పచ్చ దీపాలు. ఈ చివర నుంచి ఆ చివరదాకా, దీపావళి వచ్చినట్టు.

గేటు మిషను తన ఒక్క మాటే పలికింది: "దీపం వెలిగిన బండ్లు పక్కకి తప్పుకోవాలి." పక్కకి తప్పుకుంటే ఊరే తప్పుకోవాలి. పడమటి నుంచి మబ్బు లేస్తోంది. మధ్యాహ్నం తిరిగితే గేటు మూసుకుంటుంది. కుళ్ళాయప్ప నెత్తిన చేతులు పెట్టుకుని ఇంజన్ మెట్టు మీద కూలబడ్డాడు.

నేను తిన్నగా లేపాక్షి బండి కిందికి దూరాను. సెన్సార్ లాగాను. అలవాటు ప్రకారం చెయ్యి గుడ్డ కోసం వెతికింది. గుడ్డల్లేవు, మాబున్ని ఎత్తుకుపోయింది. కొంగు పట్టుకోబోయి ఆగాను. అల్లుడు పెట్టిన చీర, పైగా నాకు మాట్లాడే అర్హత లేని రోజున పెట్టిన చీర. గ్రీజు ఎలా పూస్తాను?

అలా, తుడవడానికి ఏమీ లేక, ఇన్ని మజిలీల్లో మొదటిసారి ఆ సెన్సార్‌ని తుడవకముందు చూశాను.

కొసకి నల్లటి మీసం ఉంది. గుబురుగా, మెలితిప్పిన మీసం. బేరింగు అరిగిన పొడి అనుకున్నాను ముందు. కానీ బేరింగు పొడి రేకులు రేకులుగా మెరుస్తుంది. ఇది సన్నగా, నల్లగా, మెరుపు లేకుండా ఉంది. మా నాన్న నూనె బాగుందో లేదో నాలుక మీద పెట్టుకుని చెప్పేవాడు. నేనూ చిటికెడు నాలుక మీద పెట్టుకున్నాను.

ఉప్పగా ఉంది.

ఈ మిట్ట మీద, ఇనప చక్రం లోపల, ఉప్పెక్కడిది?

"అబ్బులూ!" అని అరిచిన అరుపుకి పక్క బండ్ల వాళ్లు కూడా వంగి చూశారు. మా అల్లుడు మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చాడు. సెన్సార్ చూపించాను. వేలితో తీసి చూసి, వాడి మొహం పెళ్లిలో దీవెన విన్నప్పటిలా అయిపోయింది.

"అత్తయ్యగారండీ... ఇది మా ఇసకేనండి."

ఆ మీసం గోకి, చిటికెడు మెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. నా వేళ్ల మధ్య నుంచి ఎగిరి, ముగ్గులో అరిగిపోయిన ఒక చుక్క మీద పడి, ముళ్లు విప్పుకుని నిలబడింది. ఎక్కడిది అక్కడికి చేరింది. నాకు నవ్వొచ్చింది. ఒక్కసారి వచ్చిన నవ్వు ఆగలేదు. మా మెట్లన్నీ ఎడమ పక్కనే, వెనక చక్రానికి ముందే ఉంటాయి. బండి కుదిపినప్పుడల్లా కాస్త ఇసక రాలుతుంది, గాలి దాన్ని చక్రంలోకి ఊదుతుంది, సెన్సార్ అయస్కాంతం పట్టేసుకుంటుంది. పన్నుకీ దానికీ మధ్య ఇసక నిండితే ఇంకేం పలుకుతుంది? తొడుగూ కాదు, తీగా కాదు, బేరింగూ కాదు. ఇన్నిసార్లూ జబ్బు తగ్గించింది నా గుడ్డ. ఆ గుడ్డే ఇన్నాళ్లూ జబ్బుని నా కంట పడనివ్వలేదు.

అప్పటికి కుళ్ళాయప్ప వచ్చాడు. సంగతి విని, "నేను ముందే చెప్పలే? నిలుపూరి కాలు..." అని మొదలుపెట్టాడు.

"కాలు కాదు, చెయ్యి" అన్నాను. "ఆ చేత్తో ముగ్గు పెట్టింది నా కోసం. దాన్ని ఊరంతా తిప్పి చూపించింది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టు. లేదంటే చొక్కా విప్పి చక్రం కిందికి దూరు, టైము లేదు."

కుళ్ళాయప్ప తిట్టలేదు. చొక్కా విప్పాడు.

తర్వాత జరిగింది రాయడం నా వల్ల కాదు, చూసి తీరాలి. పండగ బట్టలతో ఊరు ఊరంతా బండ్ల కింద. మెట్ల మీది ముగ్గులు తీయడానికి అబ్బులు ఒక కిటుకు చూపించాడు: అయస్కాంతానికి గుడ్డ చుట్టి మెట్టు మీద తిప్పితే ఇసకంతా లేచి అంటుకుంటుంది, మూట మీద పెట్టి గుడ్డలోంచి అయస్కాంతం లాగేస్తే మొత్తం రాలిపోతుంది. నా గుడ్డలన్నీ అలా పనికొచ్చాయి. ప్రతి ముగ్గూ చెరిపేటప్పుడు వాడి మొహం చూడలేకపోయాను.

"బాధగా ఉందా?" అని అడిగాను.

"ముగ్గంటే రోజూ చెరిగేదేనండి. ఇన్నాళ్లు చెరక్కుండా ఉంచానండి, అదే తప్పైపోయింది" అన్నాడు.

కొత్త చీర కొంగుతో వాడి మొహం మీది నలుపు తుడిచాను. ఇప్పుడు తుడవొచ్చు.

సెన్సార్లు శుభ్రమైనా దీపం ఊరికే ఆరదు. చక్రం తిరగాలి, పెట్టె వినాలి. గేటు ముందు ఖాళీ స్థలంలో ఊరు ఊరంతా గానుగెద్దులా గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. నేను మధ్యలో నిలబడి చూశాను. మొదట ముందింజన్ వెనక బండి దీపం ఆరింది. ఊరంతా ఈల వేసింది. తర్వాత ఇంకొకటి. మాబున్ని దీపం ఆరగానే ఆవిడ కదులుతున్న బండిలోంచే బోండాలు విసిరింది. ఆరిన ప్రతి దీపానికీ కేకలు, చప్పట్లు. దీపం ఆరితే ఇంత సంబరపడే ఊరిని మా వియ్యపురాలు చూస్తే ఏమనేదో!

అన్నీ ఆరాయి. ఒక్కటి తప్ప.

లేపాక్షి బండి గుండ్రంగా తిరుగుతూనే ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. మబ్బు నెత్తి మీదికి వచ్చింది. బండి ఆపించి కిందికి దూరాను. నా వెనకే అబ్బులు.

"దీన్ని తిరిగి పెట్టింది ఎవరు?"

"నేనేనండి. మీరు చూపించినట్టే పెట్టానండి."

"తోసినావా?"

"తోశానండి, మెల్లిగా. పళ్లకి తగిలితే పాడైపోతాదేమోనని కాస్త దూరంగా ఉంచానండి. మర్యాదగా."

నాకు మళ్లీ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. వీడు పెళ్లైన దగ్గర్నుంచీ మా ఇంట్లో చేస్తున్నదీ ఇదే. గోడకి ఆనుకోకుండా కూర్చుంటాడు, రెండోసారి వడ్డించమని అడగడు, తిడితే ఆయ్ అంటాడు.

"మర్యాదకని దూరంగా కూర్చుంటే ఎవరి మాట ఎవరికి వినపడుతుంది నాయనా? తొయ్యి. పళ్లకి తగిలేదాకా తొయ్యి. ఏం కాదు. చక్రం తిరిగేకొద్దీ తనకి కావలసినంత చోటు అదే చేసుకుంటుంది."

అబ్బులు అరచెయ్యి పెట్టి తోశాడు. లోపల టక్కుమంది.

"ఇంకా?"

"చాలు. ఇంక బయటికి రా. నిన్న నేనన్న మాట కూడా ఇక్కడే వదిలెయ్యి. నాది తప్పు."

"ఆయ్. అలాగేనండి" అన్నాడు. ఆ 'అలాగేనండి' వినడానికి రాత్రంతా ఎదురుచూశానని అప్పుడు తెలిసింది.

బండి కదిలింది. ఒక చుట్టు, రెండు, మూడు. లేపాక్షి కిటికీలోంచి సగం బయటికి వంగి వెనక దీపం వైపే చూస్తోంది. పసుపు ఒక్కసారి వణికి, ఆరిపోయింది. ఊరు వేసిన కేకకి గేటు మిషనుకి కూడా చెవులొచ్చి ఉంటాయి. కడ్డీ లేచింది.

మొదటి చినుకు పడేసరికి ఆఖరి బండి మీద నేను మూడో మలుపు తిరుగుతున్నాను. నా ముందు ఊరంతా మెలికలు తిరుగుతూ దిగుతోంది. ఒక్క పసుపు చుక్క లేదు.

నమోదు 7. చెయ్యేరు మజిలీ
వెలిగిన దీపాలు: చివర రాస్తాను.

కనుమ దిగి ఇక్కడ ఆగిన రెండు నెలలకి మనవరాలు పుట్టింది. ఆగిన బండ్లకి దీపాలు వెలగవు కాబట్టి ఇన్నాళ్లూ రాయలేదు, పిల్ల పుట్టిన ఈ మూడు రోజులూ తీరిక లేక రాయలేదు. కుళ్ళాయప్ప అడిగితే నా చేతులు ఖాళీ లేవని చెప్పండి. పురుడు నేనే పోశాను, మాబున్ని సాయం పట్టింది. పిల్ల వచ్చీ రాగానే ఏడ్చిన ఏడుపుకి ఏటి అవతల గొర్రెలు బెదిరాయట. నోరు నాదే, సందేహం లేదు. మా ఆనవాయితీ ప్రకారం పుట్టిన మజిలీ పేరే పెట్టాం: చెయ్యేరు. లేపాక్షికి ఆ పేరు అలా వచ్చిందే.

ఇక్కడ వానలు తగ్గేదాకా ఆగుతాం కాబట్టి, అబ్బులు బండి ముందు నేల ఊడ్చి, నీళ్లు చల్లి, బియ్యప్పిండితో ముగ్గు వేస్తున్నాడు. చీమలు తింటాయి, వాన చెరుపుతుంది, పొద్దున్నే మళ్లీ వేస్తాడు. నల్లిసక మూట నా బండిలో, పైఅరలో ఉంది. చక్రాల జోలికి రాకుండా పిల్ల ఉయ్యాల పైన రేకుకి దాంతో ఒక చిలక అంటించాడు. నేను రెండుసార్లు తనిఖీ చేశాను. ఇసక ఎక్కడా రాలడం లేదు.

ఇవాళ సాయంకాలం ఒక పని చేశాను. మా బండ్లలో నిప్పు దీపం పెట్టం, ఎప్పుడూ పెట్టలేదు. కానీ వియ్యపురాలు ఫోనులో అడిగింది, పాప దగ్గర దీపం పెట్టారా అని. అబ్బులు ఏదో సర్దిచెప్పాడు. అది నా చెవిన పడింది. మాబున్ని దగ్గర నూనె, ఒక మట్టి ప్రమిద అడిగి తెచ్చి, నా పాత గుడ్డల్లోంచి ఒత్తి చేసి, ఉయ్యాల పక్కన వెలిగించాను.

అబ్బులు లోపలికి వచ్చి చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. తర్వాత వచ్చి, గోడకి ఆనుకుని కాళ్లు బారజాపి కూర్చుని, పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"నీ దీపం యెన్నటికీ వెలక్కుండా ఉండనీ తల్లీ" అన్నాడు, అచ్చం మా పెద్దల్లాగే.

అని, నా వైపు తిరిగి, "అత్తయ్యగారండీ, ఇంకాస్త సంగటి ఉందాండీ?" అన్నాడు.

వెలిగిన దీపాలు: ఒకటి. ఉయ్యాల పక్కన. బాగుచెయ్యాల్సింది ఏమీ లేదు.